జంతికల గొట్టంలోంచి మెలికల ముగ్గు

"ఏం ముగ్గు వేశావమ్మాయ్ ఇవాళ?"

ధనుర్మాసంలో పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికివ్వగానే మా అత్తయ్యగారు అడిగే మొదటి ప్రశ్న ఇది. 2023 డిసెంబరులో ఒకరోజు, "చుక్కల ముగ్గేనండీ" అనేసి గబగబా వంటింట్లోకి వచ్చేశాను. నిజానికి ఆ రోజు నేను ఒక్క చుక్క కూడా పెట్టలేదు. పిండి పోసి దొర్లిస్తే నేల మీద పువ్వులూ తీగలూ పడే ప్లాస్టిక్ గొట్టాలు బజార్లో అమ్ముతున్నారు చూడండి, దాన్నే గేటు ముందు అటోసారి ఇటోసారి దొర్లించి వచ్చాను. చలి, పైగా మావారి టిఫిను హడావుడి. ఆవిడకి కనబడదు కదా అన్న ధీమా ఒకటి. అబద్ధం చెప్పినందుకు కాదు గానీ, ఆ ధీమా గుర్తొచ్చినప్పుడల్లా ఆ రోజంతా మనసు చివుక్కుమంటూనే ఉంది.

మా అత్తయ్యగారి గురించి చెప్పాలి మీకు. తెనాలిలో మా వీధి వీధంతటికీ ముగ్గుల విషయంలో ఆవిడ మాటే సుప్రీంకోర్టు తీర్పు. సంక్రాంతి నెల వచ్చిందంటే ఇరుగుపొరుగు ఆడపిల్లలు చాక్‌పీసులు పట్టుకుని మా అరుగు మీద చేరేవారు. వారపత్రికల్లో పాఠకుల ముగ్గులు వేసేవారు కదా, "15 చుక్కలు, 8 వచ్చే వరకు, సందు చుక్క" అని కింద చిన్న అక్షరాలతో? అవన్నీ కత్తిరించి, అన్నం మెతుకులతో నోటు పుస్తకంలో అతికించేవారావిడ. అతికించినవి ఒక పుస్తకం. ఆవిడ స్వయంగా గీసుకున్నవి రెండు. బైండు చేయించి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకునేవారు. నగలు పైన, ముగ్గులు కింద!

నా పెళ్ళి 1992లో. మరుసటి ఏడాది, కొత్తకోడలిగా నాకు మొదటి సంక్రాంతి. భోగి నాడు గుమ్మంలో ముగ్గు నేనే వెయ్యాలని పట్టుదల. మా పుట్టింట్లో ముగ్గులంటే ఏవో పువ్వులూ నక్షత్రాలే. మెలికల ముగ్గు నాకు రాదు. అందుకని భోగికి ముందు రాత్రి, ఆవిడ నిద్రపోయాక, బీరువా తీసి ఆ పుస్తకాల్లో ఒకటి దొంగతనంగా తెచ్చుకున్నాను. పదిహేను నుంచి ఎనిమిదికి వచ్చే సందు చుక్కల మెలికల ముగ్గు ఒకటి ఎంచుకుని, గచ్చు మీద సుద్దతో వేసీ తుడిచీ, వేసీ తుడిచీ, రాత్రి రెండు గంటలకి కంఠతా పట్టాను. పుస్తకం యథాస్థానంలో పెట్టేశాను.

తెల్లవారుజామున కళ్ళాపి చల్లి ముగ్గు మొదలుపెడితే పూర్తయ్యేసరికి గంటన్నర. పక్కింటి పిన్నిగారు "అబ్బో!" అన్నారు. ఎదురింటివాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. అప్పుడొచ్చారు మా అత్తయ్యగారు. ముగ్గు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కుడిపక్క ఒకచోట ఆగి, "ఇక్కడ మెలిక తెగింది" అన్నారు. అంతే. లోపలికెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చి ముగ్గు మీద పోసేశారు. తెగిన మెలిక గుమ్మంలో ఉండకూడదట. అందరి ముందూ ఆవిడే అరగంటలో అదే ముగ్గు మళ్ళీ వేశారు. నేను స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

పుస్తకం అడక్కుండా తీశాను కాబట్టి ఎక్కడ నేర్చుకున్నానో చెప్పుకోలేకపోయాను. నాదే పొరపాటు, నిద్రమత్తులో సరిగ్గా దించుకోలేదనుకున్నాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో మెలికల ముగ్గు జోలికి పోలేదు, ఆ పుస్తకమూ ముట్టుకోలేదు. పువ్వులు, నక్షత్రాలు. అంతే నా లెక్క!

ఆవిడ కళ్ళ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. చుక్కలు వంకరగా పడుతుంటే వయసు అనుకున్నాం. గడపలు తన్నుకుంటుంటే చలవ కళ్ళజోడు పాతదైందనుకున్నాం. ఆవిడా చెప్పలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి నీటికాసులు బాగా ముదిరిపోయింది. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతినే జబ్బు ఇది. చాలామందికి నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. ముందు పక్కచూపు పోతుంది, ఎదురుగా ఉన్నది కనబడుతూనే ఉంటుంది కాబట్టి మనిషికే అనుమానం రాదు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవడమే. తల్లికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువని చెప్పి మావారికీ పరీక్ష చేశారు. ఆయనకి లేదన్నారు గానీ ఏడాదికోసారి రమ్మన్నారు. నలభై దాటినవాళ్ళు అద్దాల షాపులో నంబరు చూపించుకుని సరిపెట్టుకోకుండా, కంటి ఒత్తిడి కూడా ఒకసారి చూపించుకోండి. మేం చేసిన ఆలస్యం మీరు చెయ్యకండి.

2022 కల్లా ఆవిడకి వెలుతురూ చీకటీ తేడా తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు. లూయీ బ్రెయిలీ అనే ఫ్రెంచి కుర్రాడు పదిహేనేళ్ళ వయసులో, 1824లో, ఆరు చుక్కలతో అక్షరాలు కట్టాడనీ, అవి వేళ్ళతో చదువుకోవచ్చనీ మా చిన్నమ్మాయి చెబితే, "ఎనభయ్యో పడిలో నాకు ఓనమాలా!" అని నవ్వేశారు.

దొర్లించే గొట్టంతో నేను మోసం చేసిన రోజు సాయంత్రం ఒకటి గమనించాను. ఆవిడ అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడిచేతి చూపుడువేలు మోకాలి మీద కదులుతోంది. జపమనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే వేలు ఒకచోట గుండ్రంగా తిరిగి, పక్కకి జారి, మళ్ళీ తిరుగుతోంది. చీర మీద ముగ్గు వేసుకుంటున్నారు! గీత కనబడని ముగ్గు. ఆవిడ చేతిలో ముగ్గులన్నీ అలాగే ఉన్నాయి, చేతికి అందేది మాత్రం ఏమీ లేదు. చేత్తో తడిమి చూసుకునే ముగ్గు ఒకటి చేసిస్తే?

చెప్పినంత తేలిక కాలేదు లెండి. ముందు అట్ట మీద ఫెవికాల్‌తో గీశాను. తడిగా ఉన్నప్పుడు ఉబ్బుగా ఉన్న గీత, ఆరేసరికి అట్టకి అతుక్కుపోయింది. తర్వాత వంటింట్లో జంతికల గొట్టం కంటబడింది. మా అమ్మ సారెలో పెట్టిన ఇత్తడిది. ఒకే కన్నున్న బిళ్ళ వేసి, ఉప్పుపిండి కూరి, పీట మీద మెలికలు తిప్పాను. పిల్లల బొమ్మలకి ఈ పిండి బావుంటుంది, కొలత చెబుతాను. రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ముప్పావు కప్పు నీళ్ళు, చెంచాడు నూనె. గొట్టంలోకైతే ఇంకాస్త నీళ్ళు చిలకరించాలి. నీడన రెండు మూడు రోజులు ఆరితే రాయిలా అవుతుంది. వానాకాలం మాత్రం మెత్తబడుతుంది. ఇత్తడి గొట్టమైతే పని కాగానే చింతపండుతో తోమెయ్యండి, లేకపోతే ఉప్పుకి చిలుమెక్కుతుంది. నాది ఎక్కింది!

ఆరిన ముగ్గు ఆవిడ ఒళ్ళో పెట్టాను. తడిమారు. "జంతికలు మెత్తగా వచ్చాయే" అన్నారు. ముగ్గండీ అని చెప్పాను. మళ్ళీ తడిమారు. గీత మీద గీత దాటిన ప్రతిచోటా వేలు దారి తప్పింది. ఎటు తిరగాలో తెలియక మళ్ళీ మొదటికి వెళ్ళారు, మళ్ళీ తప్పింది. మూడోసారి పీట పక్కకి నెట్టేసి, "నాకెందుకమ్మా ఇవన్నీ, నీ పని చూసుకో" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కోపమైతే ఎంత బావుండేదో.

మా ఊళ్ళో విగ్రహాల షెడ్లు చాలా ఉన్నాయి. తెనాలి శిల్పులంటే రాష్ట్రమంతా తెలుసు. నాయకుల విగ్రహాలు, దేవుళ్ళ విగ్రహాలు, పాత బోల్టులూ నట్లూ సైకిలు చైన్లూ అతికి చేసే ఇనుప బొమ్మలూ ఇక్కణ్ణించే ఎక్కడెక్కడికో వెళతాయి. కూరల మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఒక షెడ్డుంది. ముప్ఫై ఏళ్ళుగా దాని ముందు నుంచే నడుస్తున్నా ఒక్కసారీ లోపలికెళ్ళలేదు. ఆ రోజు కూరల సంచీలోనే ఉప్పుపిండి ముగ్గు పెట్టుకుని వెళ్ళాను. లోపల ఇనప కమ్మీల ఎముకల గూడుకి బంకమట్టి పట్టించి ఎవరిదో నిలువెత్తు విగ్రహం చేస్తున్నారు. మట్టి బొమ్మ పూర్తయ్యాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ఫైబరు పోస్తారు. మనం వీధి మలుపుల్లో చూసే విగ్రహాలు చాలా వరకూ అలా పుట్టినవే.

పెద్ద మేస్త్రిగారికి సంగతి చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. చేతులు కడుక్కొచ్చి, కళ్ళు మూసుకుని, నా ముగ్గు మీద బొటనవేలు నడిపించారు. "అమ్మా, కన్ను అంతా ఒక్కసారే చూసేస్తుంది. వేలు అలా కాదు, ఒక్కో అంగుళమే చూస్తుంది. మీరు కంటికి చేసి వేలికిచ్చారు" అన్నారు. ఆయన కూడా విగ్రహం బుగ్గా గడ్డం సరిగ్గా వచ్చాయో లేదో కళ్ళు మూసుకుని అరచేత్తోనే చూసుకుంటారట! ఉబ్బెత్తు పనిలో ఖాళీ కూడా పనేనని చెప్పారు. గీతకీ గీతకీ మధ్య వేలు పట్టేంత చోటుండాలి. చుక్కలు గీతకన్నా ఎత్తుగా, గుండ్రంగా, బఠాణీ గింజలా ఉండాలి. గీతలు దాటే చోట ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోవాలి, జడ అల్లినట్టు. ఇక వేలు దారి తప్పదు. చిన్న మట్టి ముద్ద తీసి రెండు పాయలు అలా దాటించి చూపించారు. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, మట్టి మాత్రం కూరల సంచీలో వేసి పంపారు.

ఇక గీయడం. నేల మీద ముగ్గు ఒళ్ళంతా కదిలితే వచ్చేది. నడుమూ మోకాలూ భుజమూ అన్నీ పనిచేస్తాయి. కాగితం మీద గీద్దామని కూర్చుంటే చెయ్యి రాలేదంటే నమ్మండి. యాభై ఐదేళ్ళ వయసులో గ్రాఫు కాగితాలు కొనుక్కుని, చుక్కకీ చుక్కకీ రెండున్నర సెంటీమీటర్లు లెక్క వేసుకుని, పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. ఏ ముగ్గు గియ్యాలో ఆలోచించక్కర్లేదు. బీరువా తీశాను. ఈసారి పట్టపగలే! ఆ పేజీ దొరికింది. పదిహేను, ఎనిమిది, సందు చుక్క. ఉన్నది ఉన్నట్టు, గీతకి గీత, చుక్కకి చుక్క దించాను. పోయినసారిలా కాకూడదని ఈసారి కొలబద్ద కూడా పెట్టాను.

ఆ మట్టితో చేస్తే ముగ్గు ముచ్చటగా వచ్చింది గానీ, ఆరాక బీటలిచ్చింది. అంత పలచటి పలకని కాల్చకుండా ఒళ్ళో పెట్టుకుంటే నిలవదు. అప్పుడు అడుగు పెట్టింది మా చిన్నమ్మాయి. అది మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. స్నేహితురాలు ప్రాజెక్టు కోసం కొనుక్కున్న త్రీడీ ప్రింటరు 2025 సంక్రాంతి సెలవులకి ఇంటికి మోసుకొచ్చింది. "అమ్మా, నీ ముగ్గు నేను దింపుతాను చూడు" అంది.

ప్రింటరంటే కాగితాలు తీసే పెట్టె అనుకుంటున్నారా? కాదు. ప్లాస్టిక్ తీగ ఒక చుట్ట ఉంటుంది. మొక్కజొన్న లాంటివాటి పిండి పదార్థంతో చేసే ప్లాస్టిక్ అట. ఆ తీగ వేడి ముక్కులోకి వెళ్ళి, రెండొందల డిగ్రీల దగ్గర కరిగి, సన్నటి దారంలా కిందికొస్తుంది. ఆ ముక్కు కంప్యూటరు చెప్పినట్టు అటూ ఇటూ తిరుగుతూ పొర మీద పొర వేస్తుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో అయిదో వంతు. అయిదు నిమిషాలు చూసి, "ఇదేమిటే, కంప్యూటరుకి కట్టిన జంతికల గొట్టం!" అన్నాను. అది పడీ పడీ నవ్వి, నిజంగానే ఇది వంటింట్లో పుట్టిందని చెప్పింది. అమెరికాలో స్కాట్ క్రంప్ అనే ఇంజనీరు 1988లో తన చిన్న కూతురికి కప్ప బొమ్మ చేసిపెడదామని, జిగురు తుపాకీలో ప్లాస్టిక్కూ కొవ్వొత్తి మైనమూ కలిపి కరిగించి, వంటింట్లో పొరలు పొరలుగా వేశాడట. ఈ పద్ధతికి అదే మొదలట. చూశారా! ఆ వంటగది ఎవరు కడిగారో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఇంకొకటి చెప్పింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసర్ గిఫ్ట్ సిరోమనీ, ఆయన భార్య రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ కలిసి 1974లోనే తమిళుల ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్రం పత్రికలో వ్యాసం రాశారట. భాషకి వ్యాకరణం ఉన్నట్టే చుక్కల ముగ్గుకీ వ్యాకరణం ఉంటుందని చూపించారట. అత్తయ్యగారికి చెబితే "ఆ మాత్రం మాకు తెలీదా?" అన్నారు.

నా గ్రాఫు కాగితం ఫోటో తీసి, కంప్యూటర్లో దాని మీద గీతలు గీసి, ఆ గీతల్ని ఎత్తు లేపింది అమ్మాయి. మేస్త్రిగారు చెప్పినట్టు గీత ఎత్తు మిల్లీమీటరున్నర, పైనుంచి దాటే చోట మూడు, చుక్క అంతకన్నా కాస్త ఎత్తు. ముగ్గు వెడల్పు ముప్ఫై ఏడు సెంటీమీటర్లు దాటింది, మిషను పళ్ళెం ఇరవై రెండే. నాలుగు పలకలుగా కోసి, ప్లైవుడ్ చెక్క మీద అతికించాలని తేలింది.

మన దోశకి మొదటిది పెనానికి అంటుకుపోతే పేచీ. ఇక్కడ మొదటి పొర పళ్ళేనికి అంటుకోకపోతే పేచీ! మొదటి రెండుసార్లూ పొర లేచిపోయి, పొద్దున లేచి చూస్తే సేమ్యా ఉప్మాలా తీగల ముద్ద. పళ్ళేనికి జిగురు రాస్తే నిలిచింది. మూడోసారి ముప్పావు వంతు అయ్యాక కరెంటు పోయింది. "రాత్రంతా ఆ గుయ్‌గుయ్ ఏమిటే, నిద్ర పట్టదు" అని మావారు ఒకపక్క. ఒక్కో పలకకి ఆరు గంటల పైనే పట్టేది. పైగా పిల్ల దగ్గరున్నది నల్ల తీగ చుట్ట. అత్తయ్యగారు ఏం రంగని అడిగారు. నలుపనేసరికి, "నల్లముగ్గా! పండగపూటా!" అని రెండు చెవులూ మూసుకున్నారు. కనబడకపోతేనేం, నలుపు నలుపేగా! వెయ్యి రూపాయల దాకా పెట్టి తెలుపొకటి, ఇటిక రంగొకటి తెప్పించాం. కింది పలక ఇటిక రంగులో పోసి, గీతలు మొదలయ్యే పొర దగ్గర మిషను ఆపి తెల్ల తీగ మార్చింది అమ్మాయి. ఎర్రమట్టితో అలికిన వాకిట్లో ముగ్గులాగే వచ్చింది. పొరల గరుకు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దడం మాత్రం నా పని. రెండు మధ్యాహ్నాలు పట్టింది.

భోగికి ముందు రోజు సాయంత్రం పలక ఆవిడ ఒళ్ళో పెట్టాను. నేనేమీ చెప్పలేదు. ఎడమచేతి వేళ్ళు చుక్కలు లెక్కపెట్టాయి, కుడిచేతి వేలు గీత పట్టుకుంది. మొదటి దాటు దగ్గర ఆగింది. పైకెక్కింది, దిగింది, సాగింది. "జడలా అల్లావేమిటే? ముగ్గు నేలకి అంటుకుని ఉండాలి గానీ" అన్నారు. ఆ మాట అంటూనే వేలు ఇంకో మలుపు తిరిగింది. వంటింట్లో పాలు పెట్టానన్న సంగతి కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను. పది నిమిషాలయ్యాక, "ఇది మా అమ్మ నేర్పిన ముగ్గు. నా పుస్తకంలోది" అన్నారు. ఆవిడ మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో!

వేలు కుడిపక్కకి వెళ్ళింది. ఆగింది. వెనక్కొచ్చి మళ్ళీ వెళ్ళింది. ఆగింది.

"ఇక్కడ మెలిక తెగింది."

ముప్ఫై రెండేళ్ళ తర్వాత అదే మాట, అదే గొంతు. నాకెక్కడిదో కోపం ముంచుకొచ్చింది. "ఉన్నది ఉన్నట్టు దించానండీ మీ పుస్తకంలోంచి! కొలబద్ద పెట్టి మరీ దించాను!" అన్నాను. ఎప్పుడూ ఆవిడ ముందు గొంతు లేపినదాన్ని కాదు. అమ్మాయి పరుగెత్తి పుస్తకం తెచ్చింది. దీపం కిందపెట్టి చూసింది, నన్ను చూసింది.

"నాయనమ్మా, నీ పుస్తకంలోనే లేదు. ఇక్కడ చుక్క చుట్టూ తిరగాల్సిన గీత నువ్వే గియ్యలేదు."

"కంప్యూటర్లో గీసినదానివి, నీకైనా తెలియలేదుటే?" అన్నాను ఉక్రోషంగా. తెలిసిందట. అక్కడ రెండు కొసలు విడిగా ఉన్నాయని కనబడిందట. ముగ్గే అంతేమో అనుకుందట! మిషనుకైతే మెలిక తెగినా ఒకటే, తెగకపోయినా ఒకటే.

అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాసుకునేటప్పుడు పొయ్యి మీద పాలు పొంగుంటాయి" అన్నారు. మరి కాసేపటికి, "అమ్మాయ్, నువ్వు కొత్తగా వచ్చిన ఏడు భోగినాడు వేసింది..."

"ఇదేనండీ."

"ఈ పుస్తకం చూసే వేశావా?"

"చూసేనండీ."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"అడక్కుండా తీశానండీ. భయమేసింది."

ఆవిడ పలక మీద చెయ్యి తియ్యలేదు. ఆ తెగిన చోటే వేలు పెట్టుకుని కూర్చున్నారు. "బకెట్టు నిండా పోశాను కదూ!" అన్నారు మెల్లిగా. "పోశారండీ" అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

"నీ ఉప్పుపిండి కాస్త కలిపి తీసుకురా."

తెచ్చాను. గోరంత ముద్ద తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారంలా నలిపి, తడిమి తడిమి రెండు కొసల మధ్యా చుక్క చుట్టూ తిప్పి అద్దారు. ఒక్కసారికే సరిపోయింది. మిషను గీత ఎంత మందమో అంతే మందం! అమ్మాయి, "నాయనమ్మా, కంప్యూటర్లో సరిచేసి ఆ పలక మళ్ళీ తీసిస్తాలే" అంది. తీసింది కూడా. ఆ కొత్త పలక బీరువా మీద అలాగే ఉంది. ఆవిడ ఒళ్ళో ఉండేది పిండి అతుకున్నదే. వానాకాలంలో అతుకు మెత్తబడి ఊడితే మళ్ళీ పిండి కలపమంటారు. ఈ ఏడు రెండుసార్లు కలిపాను.

మర్నాడు భోగి. నాలుగు గంటలకే లేచి కళ్ళాపి చల్లాను. ఆవిడ శాలువా కప్పుకుని గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నారు. పలక ఒళ్ళో ఉంది. "కింది వరస ఎడమ నుంచి మొదలుపెట్టు. రెండో చుక్క దాటి పైకి. ఇప్పుడు కుడికి తిప్పు" అంటూ వేలితో చదివి చెబుతుంటే నేను వంగి వేసుకుంటూ పోయాను. నడుం పడిపోయింది గానీ ఆపలేదు. కుడిపక్క ఆ చుక్క దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కాసేపు ఆగాం. తర్వాత, "తిప్పు" అన్నారు. తిప్పాను.

పూర్తయ్యాక చేతులు దులుపుకుని లేచాను. పిండి ముగ్గు కదా, ఆవిడ తడిమి చూడ్డానికి లేదు, చెరిగిపోతుంది.

"ఎక్కడా తెగలేదు కదా?"

"లేదండీ."

"సరేలే, నమ్ముతున్నాను" అన్నారు. "ఆ దొర్లించే గొట్టం చప్పుడు ఇవాళ వినబడలేదు."